కిటికీ కన్నంలో గ్రహణం

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు అట్టల పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకుని, చందమామ బొమ్మ ఉన్న పేజీని ఇటూ అటూ తిప్పి చూస్తోంది. దానికి నాలుగేళ్లు. ఏమిటే వెతుకుతున్నావని అడిగితే, "చందమామ వీపు ఏదీ నానమ్మా?" అంది. పేజీ వెనక్కి తిప్పితే ఏనుగు ఉంది. పిల్ల ఆ ఏనుగును కాసేపు పరీక్షగా చూసి, అలాగా అన్నట్టు తలాడించి, మళ్లీ ముందుకు తిప్పుకుంది. మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పిల్ల చేసినదాంట్లో తప్పేముంది? ముందు వైపు చందమామ మొహం ఉంటే వెనక వైపు వీపే కదా ఉండాలి. నా చిన్నప్పుడు నా పుస్తకంలో చందమామ వీపు మీద కప్ప ఉండేది. చాలా కాలం నేను ఆ కప్పను నమ్మాను.

ఆ కప్ప ఉన్న పుస్తకం మూలంగా నా ఏడో ఏట రెండు నెలల పాటు నాకు ముద్ద దిగలేదు. అప్పుడు ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్తాను.

మా ఊరు శ్రీకూర్మానికి నడిచి వెళ్లేంత దూరం. సముద్రం కనిపించేది కాదు గానీ గాలి ఇటు తిరిగితే మధ్యాహ్నం పూట ఎండుచేపల వాసన వచ్చేది. వరి, మేం చోళ్లనే రాగులు, గోగు, నువ్వులు, ఇవే మా పంటలు. బడి అంటే పొడుగాటి తాటాకు పాక. ఐదు తరగతులకీ కలిపి ఒకే మేష్టారు. ఆయనది విజయనగరం అవతల ఎక్కడో. శనివారం వెళ్లి సోమవారం మొదటి బస్సుకి దిగేవారు. ఒక సోమవారం ఆయనతో పాటు బస్సు మీంచి రేకు పెట్టె ఒకటి దిగింది. మూత తీస్తే కిరసనాయిలు వాసనా, కొత్త కాగితం వాసనా కలిసి గుప్పుమన్నాయి. నిండా బొమ్మల పుస్తకాలు.

పుస్తకం వారం రోజులు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. కానీ చేతులు కుంకుడురసంతో కడుక్కుని వచ్చి, రెండు వైపులా తిప్పి మేష్టారికి చూపించాలి. "చమురు మరక పడిందో, చూస్కోండి మరి" అనేవారాయన. ఏం చూసుకోవాలో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే మాకు ఎక్కువ భయం.

నాకు వచ్చిన పుస్తకంలో వానా, మెరుపూ, ఆటుపోట్లూ, గ్రహణమూ ఉన్నాయి. అప్పటికి నాకు ఏడేళ్లు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. అందుకని బొమ్మల్నే నమ్ముకున్నాను. వాన బొమ్మలో సముద్రం నుంచి సూర్యుడి దాకా సన్నటి వంకర గీతలు ఉండేవి. ఆవిరి అని కింద రాసి ఉందట. నాకు మాత్రం అవి గోగునార పోగుల్లా కనిపించాయి. సూర్యుడు నారతో నీళ్లు చేదుకుంటున్నాడని అర్థం చేసుకున్నాను. మా దొడ్లో నూతి చేంతాడు కూడా గోగునారే కాబట్టి అందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదనిపించింది.

గ్రహణం పేజీలో ఒక పక్క పసుపు మొహం సూర్యుడు, మధ్యలో చందమామ, ఇవతల బంతిలాంటి భూమి. చందమామ నుంచి భూమి దాకా నల్లటి గరాటు ఒకటి దిగి, దాని మొన భూమి మీద ఆనుకుని ఉండేది. ఆనిన చోట ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క నీలం. ఆకుపచ్చది నేల, నీలంది సముద్రం. నేలా సముద్రమూ కలిసే చోటంటే మా ఊరి పక్కనే. ఇంకెక్కడైనా నేలా సముద్రమూ కలుస్తాయని నాకెవరూ చెప్పలేదు. గరాటు మన ఇంటి మీద పడతాదా మేష్టారూ అని అడిగితే ఆయన నవ్వి, "మీ ఇంటి మీదా పడుతుంది, మా ఇంటి మీదా పడుతుంది" అన్నారు. అంత సన్నటి మొన అన్నిళ్ల మీద ఎలా పడుతుందో నాకు అంతుపట్టలేదు. మేష్టారికి కూడా సరిగ్గా తెలీదు కాబోలు అనుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే నిజం గ్రహణం వచ్చింది.

టీ కొట్టు దగ్గర రేడియోలో విని మా నాన్న ఆ కబురు మోసుకొచ్చాడు. మాఘమాసం అది. నూర్పులు అయిపోయాయి, మామిళ్లు పూతకొచ్చాయి, ఊళ్లో ఎవరింటికి వెళ్లినా తేగలు ఉడుకుతున్న వాసనే. మా నాన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని బూడిదలోంచి కాల్చిన తేగ తీసి అమ్మకి ఒలిచి పెడుతోంది. అమ్మకి అప్పుడు ఏడో నెల. నా తర్వాత ఇద్దరు కడుపులో పడి నిలవలేదు. అందుకని నాన్నమ్మ ఈసారి అమ్మని కంటికి రెప్పలా కాచేది. పైగా మా ఊళ్లో పురుళ్లు పోసేది నాన్నమ్మే. ఊరి పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లోకి వచ్చినవాళ్లే.

"సూరీడికి గ్రహణమంట. ఎల్లుండి మజ్జానం" అన్నాడు నాన్న.

నాన్నమ్మ చేతిలో తేగ అలాగే ఆగిపోయింది. "ఇప్పుడే రావాలా దానికి" అంది.

నేను పరుగెత్తుకెళ్లి పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పరిచాను. నాకు తెలిసింది ఇంట్లో ఎవరికీ తెలీదన్న గర్వం ఒకటి. "నాన్నమ్మా, పాము మింగడం కాదంట. ఇదిగో, చందమామ అడ్డొస్తాడంట. సూడు."

నాన్నమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని, పుస్తకం ముట్టుకోకుండానే వంగి చూసింది. "అడ్డొస్తే రానీ. పామైతే ఏటి, సందమామైతే ఏటి? సీకటి పడతాదా, పడదా?"

"పడతాది."

"మరింకేటి. కడుపుతో ఉన్నది సూడకూడదు. పుస్తకం మూసీసి తేగ తిను."

మర్నాడు నాన్నమ్మ పడమటి గది సిద్ధం చేసింది. అది మా విత్తనాల గది. కుండల్లో చోళ్లు, నువ్వులు, వాటి మీద వేపాకు. ఒకే ఒక చిన్న కిటికీ, దానికి రెండు చెక్క తలుపులు. ఆ తలుపుల సందుల్లో, చెక్కకి పడ్డ కన్నాల్లో ఆవిడ పేడా మట్టీ కలిపి మెత్తింది. గుమ్మం కింద గోనెపట్టా మడిచి పెట్టింది. తలుపు మూసి లోపల నిలబడి చూసి, చీకటి సరిపోయిందని తృప్తిగా బయటికొచ్చింది.

నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే పుస్తకంలో గ్రహణం తర్వాతి పేజీ సరిగ్గా ఇదే. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, కళ్లు పోతాయి. చీకటి పెట్టెకి చిన్న కన్నం పెడితే సూర్యుడి బొమ్మ లోపల పడుతుంది. పక్కన నిక్కరు వేసుకున్న అబ్బాయి ఒక పెట్టెలోకి చూస్తున్న బొమ్మ. అంటే నాన్నమ్మ పైకి ఒప్పుకోవడం లేదు గానీ, పుస్తకంలో ఉన్నట్టే పెట్టె తయారుచేస్తోంది. పెద్దవాళ్లు అంతే, చిన్నపిల్లలు చెప్పింది విననట్టే ఉండి చేసేస్తారు. కాకపోతే ఒక్కటి మర్చిపోయింది. కన్నం.

గ్రహణం రోజు పొద్దున్నే, అందరూ దొడ్లో ఉండగా, నేను ముక్కాలిపీట ఎక్కి చీపురుపుల్లతో కిటికీ చెక్కలో ఒక కన్నానికి మెత్తిన పేడని పొడిచాను. పూర్తిగా ఆరలేదు. పుల్ల సులువుగా దూరింది. మూడు నాలుగు సార్లు తిప్పి చక్కగా గుండ్రంగా చేసి, మీద ఊది, దిగాను. మంచి పని చేశానని నమ్మాను. ఆ మాట మాత్రం ఇప్పుడు కూడా గట్టిగా చెప్తాను.

మధ్యాహ్నానికి ముందే అన్నాలు తినేశాం. మిగిలిన వంట కుక్కకి పెట్టేశారు. ఆవకాయ జాడీ మీద, నీళ్ల బిందెల మీద దర్భపోచలు పడ్డాయి. నాన్నమ్మ వాకిట్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి దగ్గర పెట్టుకుంది. గ్రహణం పట్టినప్పుడు రోకలి పళ్లెంలో దానంతట అది నిలబడుతుందని, విడిచాక పడిపోతుందని మావాళ్ల నమ్మకం. మా ఊరికి గడియారం కన్నా ఆ రోకలే గట్టి సాక్ష్యం.

అమ్మని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన నన్ను కూర్చోబెట్టి, గుమ్మంలో నిలబడి నాన్నమ్మ నాకు అప్పగింతలు పెట్టింది.

"ఒలే గుంటా, ఇను. మీ అమ్మ కదలకూడదు. కాళ్లు ముడవకూడదు. గోక్కోకూడదు, గోక్కున్న సోట గుంటడికి మచ్చ పడతాది. నువ్వు కళ్లు పెట్టుకుని సూస్తుండాలి."

"సూస్తాను."

"అన్నిటి కన్నా పెద్దది, ఎలుగు. గ్రహణం ఎలుగు సీమ తలకాయంత పడినా సాలు, కడుపులో గుంటడికి పెదివి సీలిపోతాది. అందుకే కదా ఇంత మెత్తినాను."

ఆ మాట చెప్పి, ముక్కాలిపీట చంకన పెట్టుకుని, తలుపు మూసి వెళ్లిపోయింది. ఆవిడకి వాకిట్లో కూర్చోడానికి పీట కావాలి కదా.



పెదవి చీలడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకి పుట్టుకతోనే పై పెదవి ముక్కు దాకా చీలి ఉండేది. మాట ముక్కులోంచి వచ్చేది. అప్పజెప్పేటప్పుడు వెనక బల్లవాళ్లు దాని గొంతు అనుకరించేవాళ్లు. వెనక బల్లవాళ్లేమిటి, నేను కూడా. ఆ పిల్లని మేం ఏమని పిలిచేవాళ్లమో ఇక్కడ రాయను, సిగ్గేస్తుంది.

తలెత్తి చూస్తే కిటికీలో నా కన్నం నక్షత్రంలా మెరుస్తోంది. అక్కడికి అందదు. పీట లేదు. కేకేస్తే నాన్నమ్మ వస్తుంది, ఎవరు పొడిచారని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నేల మీద, చాపకి ఇవతల, రేగుపండంత గుండ్రటి వెలుగు పడి ఉంది. పుస్తకం అబద్ధమాడలేదు. సూర్యుడి బొమ్మ నిజంగానే పడింది. ఇంకొక రోజైతే గంతులేసేదాన్ని. చూస్తుండగానే ఆ రేగుపండుకి ఒక అంచున చిన్న కొరుకు పడింది. బయట నాన్నమ్మ గొంతు వినిపించింది: "పట్టినాది. రోకలి నిలబడినాది."

వీధిలో ఎవరో కంచం మీద గరిటెతో మోగించారు. పిల్లల అరుపులు, కుక్కల అరుపులు. గదిలో వేపాకు వాసన, తడి పేడ వాసన. అమ్మ కళ్లు మూసుకుని, చేతులు రెండు పక్కలా చాపి, కర్రలా పడుకుంది.

"ముక్కు దురదెడతన్నాదే" అంది మెల్లిగా.

"గోక్కోకు అమ్మా."

"గోక్కోను. నువ్వు ఊదు."

వంగి ముక్కు మీద ఊదాను. అమ్మ పై పెదవి మీద చెమట. ఇంకోసారి ఊదమంది. ఇంకోసారి ఊదాను. తిరిగి చూసేసరికి వెలుగు చాప అంచు దగ్గరికి వచ్చేసింది.

అది కదులుతుందని పుస్తకంలో లేదు. సూర్యుడు పడమటికి దిగుతున్నకొద్దీ ఆ మచ్చ గదిలోపలికి, మా వైపుకి జరుగుతుందని నాకేం తెలుసు? గండుచీమ నడిచినంత నెమ్మదిగా, చూస్తే కదలనట్టే ఉండి, చూడనప్పుడు జరుగుతోంది. రేగుపండు సగం అయింది. చాప ఎక్కింది. అమ్మ చీర అంచు ఎక్కింది. నేను దాన్ని చీపురుతో తుడవొచ్చా, దాని మీద కుండ మూత పెట్టొచ్చా అని ఆలోచిస్తూ ఉండగానే, కొరికేసిన సూర్యుడు అమ్మ పొట్ట మీదికి ఎక్కేశాడు.

చెయ్యి అడ్డం పెట్టాను. కానీ పెట్టేలోపే ఎక్కేశాడు. ఎంతసేపు? రెప్పపాటే కావచ్చు. చీమ తలకాయంత పడినా చాలంది నాన్నమ్మ. ఇది చీమ తలకాయ కన్నా పెద్దది.

అప్పటి నుంచి నా చెయ్యి తియ్యలేదు. వెలుగు నా చేతి వెనక పడి, సన్నబడి, గోటిముక్కలా అయింది. అది జరిగితే నేనూ చెయ్యి జరిపాను. చెయ్యి అమ్మ పొట్టకి ఆనితే అమ్మకి తెలిసిపోతుందని గాల్లోనే ఎత్తి పట్టుకున్నాను. భుజం పీకేసింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒకసారి చెయ్యి వాలిపోయి పొట్టకి తగిలింది. లోపల్నుంచి ఒక్క తన్ను తన్నాడు. ఉలిక్కిపడి మళ్లీ ఎత్తాను. అమ్మ కళ్లు తెరవలేదు.

గోటిముక్క కూడా ఆరిపోయి గది అంతా చీకటైంది. బయట ఒక్కసారిగా చప్పుడు అణిగిపోయింది. కోళ్లు గూట్లోకి వెళ్లిపోయాయని నాన్న ఎవరితోనో అంటున్నాడు. చల్లగాలి గుమ్మం కింది నుంచి కాళ్లకి తగిలింది. అంత చీకట్లో కూడా నేను చెయ్యి తియ్యలేదు. కాసేపటికి వెలుగు మళ్లీ వచ్చింది, ఈసారి రెండో అంచు నుంచి. అది లావెక్కి, మళ్లీ రేగుపండు అయ్యేసరికి అమ్మని దాటి అవతలి గోడ దగ్గరున్న నువ్వుల కుండ మీద ఉంది. "ఇడిసినాది, రోకలి పడినాది" అని నాన్నమ్మ అరిచింది. తలుపు తీసింది. అందరం విడుపు స్నానాలు చేశాం. కొత్తగా వండుకుని తిన్నాం. నేను మాత్రం ముద్దలు కలిపి లేచాను.

కిటికీ కన్నం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రెండు రోజులకి పేడ ఎండి మొత్తం రాలిపోయింది. నాన్నమ్మ చీపురుతో ఊడ్చేసింది. సాక్ష్యం పోయింది గానీ భయం పోలేదు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మేష్టారిని అడిగాను, ఇందులో పెదవి గురించి ఎందుకు రాయలేదని. "పెదవేమిటి?" అన్నారు. చెప్పాను, కన్నం సంగతి తప్ప. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "గ్రహణానికీ పెదవికీ ఏ సంబంధమూ లేదమ్మా. ఎండకీ నీడకీ పిల్లలు పాడైపోతే లోకంలో ఒక్కరూ మిగలరు" అన్నారు. ఎంత చక్కటి మాట. అప్పుడు నమ్మి ఉంటే రెండు నెలలు హాయిగా ఉండేదాన్ని. కానీ మేష్టారికి పిల్లల్లేరు. నాన్నమ్మ చేతుల మీద ఊరు ఊరంతా పుట్టింది. ఎవరి మాట నమ్మాలి?

నా పక్కన కూర్చునే పిల్లని దొంగచూపులు చూడటం మొదలుపెట్టాను. అన్నం ఎలా తింటుంది, నీళ్లు ఎలా తాగుతుంది, నవ్వితే ఎలా ఉంటుంది. ఒకరోజు నా జేబులో రేగుపళ్లన్నీ దాని ముందు పోశాను. అది నన్ను అనుమానంగా చూసింది. నా నుంచి మంచి ఎప్పుడూ చూడలేదు మరి.

"నొప్పెడతాదా?" అని అడిగాను, పెదవి చూపించి.

"నొప్పేటి? పుట్టినప్పటినుంచీ ఇంతే కదా." రేగుపండు నోట్లో వేసుకుంది. "ఎవలైనా ఏటైనా అంటే నొప్పెడతాది."

నేను తల దించుకున్నాను. తర్వాత అసలు ప్రశ్న అడిగాను. "మీ అమ్మ గ్రహణం సూసిందా?"

"సూడనేదంట. ఆ ఏడు గ్రహణమే రానేదంట. అయినా మా అమ్మ మాట ఎవలూ నమ్మనేదు. ఏదో సూసుంటావు, ఏదో కోసుంటావు అని మా నాయనమ్మ ఇప్పటికీ తిడతాది. నా మొకం సూసినప్పుడల్లా మా అమ్మనే తిడతాది."

గ్రహణమే రాకపోతే పెదవి ఎలా చీలింది అని పెద్దవాళ్లెవరైనా ఆలోచించి ఉండాల్సింది. ఏడేళ్లదాన్ని, నాకు ఆ తర్కం తట్టలేదు. నాకు తట్టింది ఇంకొకటి. తిట్లు పడేది నాకు కాదు, అమ్మకి. తమ్ముడో చెల్లో మొర్రితో పుడితే నాన్నమ్మ అమ్మనే అంటుంది. కదిలావంటుంది, చూశావంటుంది. ఇద్దరు పోయాక వచ్చిన మూడో బిడ్డ కూడా ఇలాగేనా అని ఊరంతా అంటుంది. చేసింది నేను. నోరు తెరిచి చెప్దామని పదిసార్లు నాన్నమ్మ దగ్గరికి వెళ్లాను. పదిసార్లూ మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను.

దేవుడికి మొక్కుకున్నాను. శ్రీకూర్మం గుడి వెనకాల తాబేళ్లుండేవి. వాటికి గోంగూర పెడితే పుణ్యమని జనం కట్టలు తెచ్చి వేసేవారు. పెదవి బాగుంటే ఒక కట్ట కాదు, బుట్టెడు పెడతానని మొక్కాను. ఆ బుట్టెడు ఎక్కడి నుంచి తెస్తానో ఆలోచించలేదు.

ఎండలు ముదిరాయి. ముంజెలొచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. నాన్నమ్మ వేన్నీళ్లు పెట్టించి, పక్కింటి అత్తని తోడు పిలిచి, తలుపేసుకుంది. నాన్న ఏం చెయ్యాలో తోచక తాటిగెల ఒకటి తెచ్చి అరుగు మీద కూర్చుని ముంజెలు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినవి కొట్టినట్టు నా ముందు పెడుతున్నాడు. తినవేటే అని అడుగుతున్నాడు. నేను వాటిని వరసగా పేరుస్తున్నాను. లోపల అమ్మ మూలుగు. నాన్న కత్తి ఆగుతుంది, మళ్లీ పడుతుంది.

ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి ఏడుపు వినిపించింది, సన్నగా, కోపంగా. నాన్న కత్తి కింద పడేశాడు. నాన్నమ్మ తలుపు ఓరగా తీసి తల బయటపెట్టింది. మొహమంతా చెమట.

"మొగగుంటడురా. తల్లీ పిల్లడూ బాగున్నారు."

నాన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, ఎటు వైపు పెట్టాలో తెలీక తూర్పుకొకటి, పడమరకొకటి. నేను నాన్నమ్మ చీర పట్టుకున్నాను.

"నోరు?" అన్నాను.

"నోరేటే?"

"నోరు బాగున్నాదా?"

"ఇల్లెగిరిపోయేలాగ ఏడుస్తన్నాడు, ఇనబడనేదేటి నీకు? బాగానే ఉన్నాది నోరు."

నాకు ఆ జవాబు చాలలేదు. నోరు పెద్దదని చెప్తోందో, పెదవి బాగుందని చెప్తోందో తెలీదు. ఆవిడ చంక కింది నుంచి దూరి లోపలికి వెళ్లిపోయాను. పాత చీరముక్కలో చుట్టి, అమ్మ పక్కన పెట్టారు. ఎర్రగా, ముడతలు ముడతలుగా ఉన్నాడు. ఏడుస్తూ నోరు తెరిచి ఉంటే పెదవి కనపడలేదు. ఏడుపు ఆపాడు. పై పెదవి మధ్యలో చిన్న గాడి ఉంది. నా ప్రాణం పోయింది. నా పెదవి మీద వేలు పెట్టుకుని చూసుకున్నాను. నాకూ ఉంది ఆ గాడి. అమ్మకీ ఉంది. పక్కింటి అత్తకీ ఉంది. వేలితో వాడి పెదవి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాను. ఎక్కడా తెగలేదు. వాడు నా వేలు నోట్లోకి లాక్కుని చప్పరించాడు.

అమ్మయ్య అనుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కింటి అత్త, తమ్ముడు పుట్టినాడని కుళ్లు పుట్టినాది గుంటకి అంది. నాన్నమ్మ అవునంది. వాళ్లేమనుకుంటే నాకేం. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని పన్నెండు ముంజెలు తిన్నాను. పదమూడోది నాన్న నా చేతిలోంచి లాక్కున్నాడు, కడుపు నొప్పొస్తాదని. నిజంగానే వచ్చింది. అంత హాయైన కడుపునొప్పి నాకు మళ్లీ రాలేదు.

నాకు తెలిసిన మర్యాద ప్రకారం చెయ్యాల్సినవి చేశాను. పెరట్లో గోంగూర మడి సగం కోసేసి, నాన్న వెంటపడి శ్రీకూర్మం వెళ్లి తాబేళ్లకి వేశాను. ఎందుకే అంటే ఊరికే అన్నాను. కూరకి గోంగూర లేకుండా చేసినందుకు నాన్నమ్మ మొట్టింది. నా పక్క పిల్లని ఇంటికి తీసుకొచ్చి తమ్ముణ్ణి చూపించాను. నాన్నమ్మ ఏమంటుందోనని భయపడ్డాను గానీ ఆవిడ ఆ పిల్ల తల నిమిరి, "ఇది కూడా నా సేతుల్లోకే వచ్చినాది" అని బెల్లంముక్క పెట్టింది. ఆ పిల్ల పెదవి చాలా ఏళ్లకి పట్నంలో డాక్టర్లు కుట్టి సరిచేశారు. అది పిండం పెరిగేటప్పుడు జరిగే సంగతి, ఎండకీ నీడకీ సంబంధం లేదు. ఈ మాట నాకు తెలిసేసరికి వాళ్లమ్మని తిట్టిన నాయనమ్మ ఎప్పుడో పోయింది.

పదకొండో రోజున పురుడు కడిగారు. అమ్మకి తలంటి పోసి, సాంబ్రాణి వేసి, మంచం మీద పడుకోబెట్టారు. తడి జుట్టు పొగలో ఆరుతోంది. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. నన్ను తమ్ముడి దగ్గర కూర్చోమన్నారు. అమ్మ నా కుడిచెయ్యి తీసుకుని బోర్లించి, చేతి వెనక వైపు వేలితో నిమిరింది.

"ఆ రోజు తిమ్మిరెక్కిపోయినాదా?" అంది.

 "సూసినావా?" అన్నాను.

"సూసినాను. నువ్వు సెయ్యి పెట్టకముందే సూసినాను."

"కళ్లు మూసుకున్నావు కదా."

"మూసుకోనేదు. మూసుకున్నట్టున్నాను."

"మరి నాన్నమ్మకి సెప్పనేదేటి?"

"సెప్తే నీ ఈపు ఇమానం మోత మోగించీది కాదేటి." అమ్మ నవ్వింది. నవ్వితే పొత్తికడుపు లాగినట్టు మొహం చిట్లించుకుని, తమ్ముడి మీద గుడ్డ సరిచేసింది.

నేను అడగకుండా ఉండలేకపోయాను. "ఈడి పెదివి సీలిపోయుంటే?"

"నానే గోక్కున్నానని సెప్పీద్దామనుకున్నాను. దురదాగక గోక్కున్నాను అత్తా అని. ఆ రోజే అనీసుకున్నాను."

"నిన్ను తిడతారు కదా."

"తిట్టనీ. నన్ను నాలుగు రోజులు తిట్టి ఊరుకుంతారు. నిన్నయితే, అక్కే సేసినాదని నీ పెళ్లప్పుడు కూడా అంతారు."

అప్పుడు నాకు అర్థమైంది నన్ను కొట్టించలేదన్నంత వరకే. అమ్మ ఇప్పుడు లేదు, ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. అమ్మకీ నాన్నమ్మ మాట మీద నమ్మకమే. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి. కళ్ల ముందు ఆ వెలుగు తన పొట్ట మీదికి పాకుతుంటే చూస్తూ, ఏడేళ్ల పిల్ల గాల్లో చెయ్యి పట్టుకుని వణుకుతుంటే చూస్తూ, కదలకుండా, కేకెయ్యకుండా పడుకుంది. భయంతో కాదు, నేను దొరికిపోకూడదని. రెండు నెలలు ఒకే చాప మీద పడుకుని, నేను నా తప్పుని దాచుకున్నాను. తను దాన్ని తన తప్పుగా ఒప్పుకోడానికి మాట సిద్ధం చేసుకుంది. నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారని నాకు చెప్పింది గానీ, నా పక్క పిల్ల వాళ్లమ్మని ఊరు ఏడేళ్లుగా ఊరుకోలేదని అమ్మకీ తెలుసు.

ఆ అబద్ధం అమ్మ చెప్పాల్సిన పని పడలేదు. తమ్ముడు నిండు పెదవితో పుట్టి, ఊరంతా వినేలా ఏడ్చాడు.